పెట్టె ముందు, పేద తరువాత

బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్‌లో దాతృత్వానికి అదను. దసరా, దీపావళి, క్రిస్మస్, కొత్త సంవత్సరం వరుసగా వస్తాయి. గేటూ, ఈతకొలనూ, కార్యవర్గమూ ఉన్న ప్రతి నివాస సముదాయం ఏదో ఒక పండుగకు పేదలకు కానుక పెట్టెలు పంచాలని తీర్మానిస్తుంది. మనసులు విశాలమే గానీ నిధులు ఇరుకు. పెట్టెకు 300 రూపాయలు దాటితే సభ్యులకు నెలనెలా కట్టే నిర్వహణ రుసుము గుర్తొస్తుంది. కాబట్టి ఆ 300లోనే పుణ్యమూ ఫొటోలూ రెండూ దక్కే మార్గాన్ని శాస్త్రీయంగా చర్చించుకోవలసి ఉంది.

అనుభవం లేనివాళ్ళు ముందుగా పప్పు, నూనె, చక్కెర ధరలు కనుక్కుంటారు. అలా చేయకూడదు. ముందు పెట్టె ఎంచుకోవాలి. దీనికి బేగంబజార్ వెళ్ళాలి. అక్కడ కారు నిలపడం పండితులకే సాధ్యం, కాని టోకు ధర కావాలంటే అంతకు మించిన చోటు లేదు. రెండో నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసిన బజారు అది. పాపం, ఆవిడ స్థలమంతా ఇచ్చేసి దాని మీద తన స్టిక్కర్ అంటించడం మరిచిపోయింది. అయినా పేరు ఎలా నిలిచిందో మన కార్యవర్గాలకు ఇప్పటికీ అంతుపట్టని విషయం.

ఇక లెక్క. మెరిసే పెట్టెకు 90 రూపాయలు. బంగారు రంగు రిబ్బనుకు 15. లోపల పరిచే కాగితపు తురుముకు 20. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారుల చిరునవ్వులు అచ్చయిన స్టిక్కరుకు 10. ఫ్లెక్సీ, ఫొటోగ్రాఫర్ల ఖర్చులో పెట్టె వాటా 40. బేగంబజార్ దాకా వెళ్ళి మొజంజాహి మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినకుండా తిరిగి రావడం మానవమాత్రులకు కుదరదు గనుక దానికి 30. మిగిలిన 95 రూపాయలూ అచ్చంగా పేదవాడివే. అందులో ఎవరూ వేలు పెట్టరు.

ఈ లెక్కలో కాగితపు తురుమును చిన్నచూపు చూడకండి. 95 రూపాయల సరుకు పెట్టె అడుగున ఒక మూలకు చేరుతుంది. ఆ సరుకును పైకి తేల్చి, మూత తీసినవాడికి నిండుదనం చూపించేది తురుమే. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు వెక్కిరించారంటే, ఆ రోజుల్లో వాళ్ళకు ఈ తురుము దొరకలేదన్నమాట. చట్టపరంగా కూడా చిక్కేమీ లేదు. మిఠాయి దుకాణంవాడు అట్టపెట్టెతో కలిపి తూకం వేస్తే తూనికలు, కొలతల శాఖ కేసు పెడుతుంది. దానం పెట్టెను తూచే అధికారి ఇంకా పుట్టలేదు.

95 రూపాయలతో ఏం కొనాలి? అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఉత్తమం. ఏళ్ళు గడిచినా దాని ధర అంతే ఉంటుంది, బరువు మాత్రం తగ్గుతూ వస్తుంది. మన దాతృత్వానికి ఇంతకన్నా తగిన ప్రతినిధి లేదు. సబ్బు, టూత్‌పేస్ట్, షాంపూల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నోటు పుస్తకాలకూ పెన్సిళ్ళకూ పూర్తిగా పోయింది. మిగిలిన డబ్బుతో కాస్త పెద్ద సబ్బు పెడదామని ఎవరో ఒక అమాయకుడు తప్పక ప్రతిపాదిస్తాడు. రిబ్బను వెడల్పు పెంచాలని మిగతావాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానిస్తారు.

ఇంకా పొదుపు కావాలంటే ఇంటి అల్మారాలు తెరవండి. హోటల్ గదుల నుంచి వెంట వచ్చేసిన బుల్లి సబ్బులు, సదస్సుల్లో ఇచ్చిన పెన్నులు, నిరుటి డైరీలు (పేదవాడికి తేదీలతో ఏం పని?) అన్నీ కానుకలే. దీపావళికి ఆఫీసువాళ్ళు ఇచ్చిన మిఠాయిని క్రిస్మస్ పెట్టెలోకి దింపేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. విడిగా అమ్మే మిఠాయిలు ఎప్పటిలోగా తినాలో దుకాణంవాడు రాసిపెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది. ఇంటికి వచ్చాక ఆ తేదీ గుర్తుపెట్టుకోవాలని ఏ నిబంధనలోనూ లేదు.

ప్రతి సంఘంలోనూ ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఉంటారు, ఆయనకు ఒక దుఃఖం ఉంటుంది. వస్తురూపంలో ఇచ్చిన దానానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. పేదవాడి నవ్వుకు రసీదు దొరకదని తెలిసినప్పుడు సభలో కలిగే నిశ్శబ్దం ఏ సంతాప తీర్మానానికీ రాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎవరికి ఇవ్వాలి? ఎక్కడో బస్తీకి వెళితే పెట్రోలు ఖర్చు. అందుకే మన గేటు లోపలి పేదలే శ్రేష్ఠం. వాచ్‌మన్, ఊడ్చేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. పైగా పెట్టెలు సర్దే పని కూడా ముందురోజు రాత్రి వాళ్ళకే అప్పజెప్పవచ్చు. అప్పుడు లోపల ఏముందోనన్న ఆత్రుత వాళ్ళకు ఉండదు. మరునాడు వేదిక మీద పెట్టె అందుకుంటూ ఆశ్చర్యపోతే చాలు. ఆశ్చర్యం సరిగ్గా రాకపోతే ఫొటోగ్రాఫర్ మళ్ళీ ఇప్పిస్తాడు.

ఇందులో మరో లాభం ఉంది, దాన్ని సమావేశంలో కాస్త గొంతు తగ్గించి చెప్పుకోవాలి. పెట్టె ఇచ్చాక దసరా మామూలు ఇవ్వనక్కరలేదు. బోనస్ చట్టం ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం, అంటే దాదాపు ఒక నెల జీతం ఇవ్వమంది. అదృష్టవశాత్తు ఆ చట్టం వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. నెల జీతం ఎక్కడ, 95 రూపాయలు ఎక్కడ! పొదుపు అంటే ఇదీ.

ఎవరో ఒకావిడ అడగనే అడుగుతుంది: "అమ్మా, దీనికి ఎంతయింది?" మూడు వందలని చెబితే, "ఆ మూడు వందలూ చేతికే ఇవ్వవచ్చు కదమ్మా, పిల్ల ఫీజు కట్టుకునేదాన్ని" అంటుంది. ఇటువంటి అజ్ఞానాన్ని ఓపికతో భరించాలి. నోటు మీద స్టిక్కర్ అంటించలేం. నోటుకు రిబ్బను కడితే బాగుండదు. పైగా డబ్బు చేతికిస్తే తాగి తగలేస్తారు అని క్లబ్‌హౌస్‌లో గ్లాసులోకి సోడా ఒంపుకుంటూ కోశాధికారి ఎప్పుడో తేల్చేశారు.

వచ్చే ఏడాదికి ఒక సభ్యుడు మరింత చౌకైన పథకం పెట్టారు. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమంటాం కదా, ఒక్కొక్కరికీ ఒక్కో ఆకు పంచితే 95 రూపాయలూ మిగులుతాయని ఆయన వాదన. పథకం అందరికీ నచ్చింది గానీ, ఆకు మీద ముగ్గురి ఫొటోలు పట్టవని పక్కన పెట్టారు. దాని బదులు ఇంకో తీర్మానం ఆమోదం పొందింది. పెట్టె ఖరీదైనది కాబట్టి, పుచ్చుకున్నవారు సరుకు తీసుకుని ఖాళీ పెట్టెను రిబ్బనుతో సహా రెండు రోజుల్లో గేటు దగ్గర అప్పగించాలి. వసూలు బాధ్యత వాచ్‌మన్‌ది. ఆయన ముందుగా తన పెట్టె తెచ్చి ఇవ్వాలి.