ఆదివారం రాసిన కోడూ కంపెనీదేనా?

బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తెలుగు కుర్రాడి నియామక పత్రం మా ముందుంది. జీతం లెక్కలన్నీ దాటాక, చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం అతడు రాసే ప్రతి ప్రోగ్రామూ కంపెనీదేనట. ఆఫీసు వేళల్లో రాసినా, సెలవు రోజున రాసినా, సొంత ల్యాప్‌టాప్ మీద రాసినా అంతే. సంతకం పెడితేనే ఐడీ కార్డు. మారతహళ్లి పీజీల్లో తలుపు తడితే ఇలాంటి కాగితం మీద సంతకం చేసినవాళ్లు గదికొకరు కనబడతారు.

ఆఫీసు పని మీద మాకు పేచీ లేదు. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, యజమానే తొలి హక్కుదారని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. వ్యాపార రహస్యాలు బయటికి పోతాయన్న కంపెనీల భయమూ అర్థం చేసుకోదగ్గదే. అందుకు గోప్యత ఒప్పందాలు వేరే ఉన్నాయి, వాటి మీదా అదే రోజు సంతకాలు తీసుకుంటున్నారు.

మరి ఆదివారంతో ఏం పని? చట్టం 'ఉద్యోగ విధుల్లో భాగంగా' అని గీసిన గీతను చెరిపేయడానికే ఈ షరతు. ఏడాది జీతానికి కుదుర్చుకున్న పాలేరు పెరట్లో కాసిన ఆనపకాయలు కూడా నావేనని ఏ కామందూ అనలేదు. అద్దాల మేడల్లో కూర్చున్న వీళ్లు అంటున్నారు.

మమ్మల్ని ఎక్కువగా మండిస్తున్నది వీళ్ల రెండు నాల్కల ధోరణి. ఏ కంపెనీ సర్వర్ తెరిచి చూసినా లినక్స్ కనబడుతుంది. దాన్ని 1991లో ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి, లినస్ టోర్వాల్డ్స్, ఇష్టం కొద్దీ మొదలుపెట్టాడు. అలా ఎందరో తమ తీరిక వేళల్లో రాసి ఉచితంగా పంచిన కోడు మీద వీళ్ల వ్యాపారాలు నడుస్తున్నాయి. ఊరందరి తీరిక వేళలు ఉచితంగా కావాలి, సొంత ఉద్యోగి తీరిక మీద మాత్రం పట్టా కావాలి!

ఇంకోటీ ఉంది. సొంత సమయంలో, యజమాని పరికరాలు వాడకుండా, ఆయన వ్యాపారంతో సంబంధం లేకుండా చేసిన ఆవిష్కరణను లాక్కునే షరతు చెల్లదని కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2870వ సెక్షన్ తేల్చేసింది. అక్కడ కేంద్ర కార్యాలయం ఉన్న సంస్థలు అక్కడ ఆ హద్దుకు లోబడాల్సిందే. వైట్‌ఫీల్డ్‌కు వచ్చేసరికి ఆ హద్దు ఏమైంది? ఇక్కడి ఇంజనీరు ఆదివారం అంత చవకా?

కర్ణాటక ప్రభుత్వమూ చేతులు దులుపుకోలేదు. ఉద్యోగ నిబంధనలను ముందే రాసి ధ్రువీకరించుకోవాలనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి ఐటీ రంగానికి ఇచ్చిన మినహాయింపును 2024లో మరో ఐదేళ్లు పొడిగించింది ఈ ప్రభుత్వమే. రోజుకు 14 గంటల వరకు పని చేయించుకునేలా చట్టం మార్చాలన్న ప్రతిపాదన బయటికొచ్చిందీ ఆ ఏడాదే. మిగిలే పది గంటల్లో నిద్ర పోగా రాసుకునే నాలుగు వరుసల మీదా కంపెనీ ముద్ర పడుతుంటే, కార్మిక శాఖ ఒక్క నియామక పత్రాన్నైనా తెప్పించుకుని చదవాలి. కాలిఫోర్నియా గీసినలాంటి గీతను ఇక్కడా చట్టంలో గీయాలి.

ఈ షరతు రాసిన హెచ్ఆర్ పెద్దలకు ఒక్క ప్రశ్న. మీ సర్వర్లను నడిపిస్తున్న ఆ ఉచిత కోడు రాసినవాళ్లకు మీరెంత చెల్లించారు? ముందు ఆ లెక్క చెప్పండి, ఆ కుర్రాడి ఆదివారం సంగతి తర్వాత అడుగుదురుగాని.