కంప్యూటర్ పితామహుడు కాదు, ప్రాజెక్టు పితామహుడు

పాఠ్యపుస్తకాలన్నీ చార్లెస్ బాబేజ్‌ను కంప్యూటర్ పితామహుడని కీర్తిస్తాయి. ఇది ఆయనకు జరిగిన ఘోర అన్యాయం. ఆయన బతికుండగా ఒక్క కంప్యూటర్ కూడా పూర్తి కాలేదు. ఆయన ఏ లోటూ లేకుండా పూర్తి చేసి లోకానికి అప్పగించింది ఒక్కటే: సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు. దాటిపోయే గడువు, పెరిగే బడ్జెట్, అలిగే వెండర్, అర్థం కాని క్లయింటు, అందరూ ఇంకా దీపాల వెలుగులో బతుకుతున్న రోజుల్లోనే లండన్‌లో సిద్ధమయ్యాయి. న్యాయంగా ఆయనకు రావలసిన బిరుదును ఇప్పటికైనా ఇవ్వాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ కాలంలో ఓడలు నడిపేవాళ్లూ, ఖగోళ శాస్త్రజ్ఞులూ అచ్చు పట్టికలు చూసి లెక్కలు కట్టేవారు. ఆ పట్టికల నిండా తప్పులే. యంత్రమే లెక్కకట్టి, యంత్రమే అచ్చువేస్తే తప్పులుండవన్నాడు బాబేజ్. ఆ యంత్రం పేరు డిఫరెన్స్ ఇంజన్. 1822లో ఒక చిన్న నమూనా చేసి చూపించాడు. డెమో బాగుంది. డెమోలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం 1,500 పౌన్లు ఇచ్చింది. రెండు మూడేళ్లలో పని అయిపోతుందని అంచనా. 1832 నాటికి లెక్కలు చేసే విభాగంలో ఏడో వంతు బిగించారు. ఆ ఏడో వంతు అద్భుతంగా పనిచేసింది. మిగతా ఆరు వంతుల సంగతి వచ్చే వారం మీటింగులో మాట్లాడుకుందామని ఎవరో అనే ఉంటారు.

వెండర్ పేరు జోసెఫ్ క్లెమెంట్. పనిలో మహా నేర్పరి, బిల్లు వేయడంలోనూ తక్కువవాడేం కాదు. వర్క్‌షాపును బాబేజ్ ఇంటి దగ్గరికి మార్చమంటే అదనంగా డబ్బు అడిగాడు. బేరం కుదరక 1833లో పనివాళ్లను పంపించేశాడు. అప్పటి ఆచారం ప్రకారం, క్లయింటు డబ్బుతో చేసుకున్న పనిముట్లు కూడా పనివాడివే. కాంట్రాక్టు సరిగ్గా చదవాలన్న ఆలోచన ఆ రోజే పుట్టి ఉండాలి. అయినా ఇవాళ్టికీ ఎవరూ చదవరు.

ఇక్కడే మహానుభావుడి అసలు ప్రతిభ బయటపడింది. మొదటి యంత్రం ఆగిపోయిన మరుసటి ఏడాదే ఆయన ఇంకో యంత్రం మొదలుపెట్టాడు, కాగితం మీద. నిజం చెప్పాలంటే ఆ ఊహ ముందు ఎగతాళి నిలవదు. అంకెలు దాచుకోవడానికి ఒక చోటు, లెక్క చేయడానికి వేరే చోటు, పట్టుమగ్గాల మీద జకార్డ్ అనే ఫ్రెంచి నేతగాడు వాడిన చిల్లుల కార్డులతో ఆదేశాలు. ఇవాళ్టి కంప్యూటర్ ఎముకల గూడంతా అందులో ఉంది. కానీ పాత యంత్రం కోసం డబ్బు పెట్టిన ప్రభుత్వానికి కొత్తది అంతకంటే గొప్పదని చెబితే ఏం వినిపిస్తుంది? పాతది రాదని వినిపిస్తుంది. 1842 నాటికి ఖర్చు 17,000 పౌన్లు దాటింది. రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ ఇది పనికిరాదన్నాడు. ప్రధాని రాబర్ట్ పీల్ హయాంలో ప్రాజెక్టు మూతపడింది.

అంతకుముందు పార్లమెంటు సభ్యులు ఇద్దరు, ఎగువ సభ నుంచి ఒకరు, దిగువ సభ నుంచి ఒకరు, ఆయన్ను ఒకే ప్రశ్న అడిగారట: యంత్రంలో తప్పు అంకెలు వేస్తే సరైన జవాబు వస్తుందా? అలాంటి ప్రశ్న పుట్టాలంటే ఎంత తికమక ఉండాలో తనకు అంతుపట్టలేదని బాబేజ్ రాసుకున్నాడు. ప్రపంచంలో మొదటి క్లయింట్ కాల్ ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

డాక్యుమెంటేషన్ మాత్రం, ఆనవాయితీ ప్రకారం, వేరేవాళ్లు రాశారు. ఇటలీ ఇంజనీరు మెనాబ్రియా ఆ కొత్త యంత్రం గురించి ఫ్రెంచిలో ఒక వ్యాసం రాస్తే, 1843లో ఏడా లవ్‌లేస్ అనే ఇంగ్లిష్ గణితవేత్త దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి, అసలుకు సుమారు మూడు రెట్ల నోట్స్ చేర్చింది. బెర్నూలీ సంఖ్యలు అనే ఒక గణిత వరుసను యంత్రంతో లెక్కకట్టే పద్ధతిని అడుగడుగునా పట్టిక వేసి చూపింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యంత్రం లేదు, ప్రోగ్రాం తయారు. పట్టికలో నాలుగో వరుసలో భాగించాల్సింది తలకిందులైంది, అంటే బగ్ కూడా తయారు. ప్రభుత్వాన్ని తిడుతూ ఒక ముందుమాటను పేరు లేకుండా చేరుద్దామని బాబేజ్ పట్టుబడితే ఆమె ససేమిరా అంది. ఇన్నేళ్ల ప్రాజెక్టులో సరైన సమయానికి తీసుకున్న నిర్ణయం బహుశా అదొక్కటే. మెనాబ్రియా తర్వాత ఇటలీ ప్రధాని అయ్యాడు. డాక్యుమెంటేషన్ రాసినవాడికి ఇంత పెద్ద ప్రమోషన్ వచ్చిన దాఖలా మళ్లీ లేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల తొలి ఉద్యమం కూడా బాబేజ్‌దే. వీధి వాద్యగాళ్ల మోత వల్ల పని సాగడం లేదని ఏళ్ల తరబడి పోరాడాడు. ఆ మోతను అదుపు చేస్తూ 1864లో చట్టం వచ్చింది. ఆయన హయాంలో పరిష్కారమై మూసుకున్న ఫిర్యాదు టికెట్ అదొక్కటే.

ఈలోగా స్వీడన్‌లో షూట్జ్ అనే తండ్రీకొడుకులు ఆయన డిఫరెన్స్ ఇంజన్ ఆలోచన గురించి పత్రికలో చదివి, 1853లో తమ సొంత యంత్రం కట్టేశారు. బాబేజ్‌కు డబ్బు లేదన్న బ్రిటిష్ ప్రభుత్వం ఆ నమూనాలోనే ఒకటి చేయించుకుంది. బాబేజ్ అసూయపడకుండా వాళ్లను మెచ్చుకున్నాడు. ఈ ఒక్క గుణం మాత్రం పరిశ్రమకు వారసత్వంగా రాలేదు.

1840ల చివర్లో ఆయన గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్‌ను లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో కట్టారు. అచ్చువేసే భాగం 2002లో వచ్చింది. బిగించేటప్పుడు డ్రాయింగుల్లో కొన్ని తప్పులు కనిపిస్తే వాళ్లే సరిదిద్దుకున్నారు. అడుగుదామంటే అసలు డెవలపర్ 1871లోనే వెళ్లిపోయాడు, కేటీ ఇవ్వకుండా, అంటే తర్వాతివాళ్లకు పని వివరాలు అప్పగించకుండా.