ముందు రైలు చూపించండి, తర్వాతే చీరల యాడ్

సంక్రాంతికి ముందు ఏ పెద్ద స్టేషన్‌కైనా వెళ్లి ఓ పది నిమిషాలు ప్లాట్‌ఫాం మీద నిలబడండి. సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని, పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని, అందరూ మెడలెత్తి తెరల వైపే చూస్తుంటారు. వాళ్లకు కావాల్సింది రెండే ముక్కలు: మన బండి ఎన్నో నెంబరు మీదికి వస్తోంది, మన బోగీ ఎక్కడ ఆగుతుంది. ఆ రెండు ముక్కల కోసం వాళ్లు నగల షాపు, ఇంజినీరింగ్ కాలేజీ, ఫ్లాట్ల వెంచరు అన్నీ చూడాల్సి వస్తోంది. ఇది తప్పు అని నేనంటాను.

రెండేళ్ల కిందట మా అమ్మను రైలెక్కించడానికి ఓ జంక్షన్‌కు వెళ్లాను. బండి ఆగేది రెండు నిమిషాలే. తెర మీద కాలేజీ అడ్మిషన్ల యాడ్, ఆ తర్వాత చీరల షాపు, తర్వాత ఇంగ్లీషులో రైళ్ల పట్టిక, తర్వాత హిందీలో. ఇక తెలుగులో వస్తుందిలే అనుకునేసరికి మళ్లీ చీరలు. అమ్మకు తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు. పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది, ఒక్కతే వచ్చి ఉంటే ఆ టెన్షన్‌లో ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల్సి వచ్చేది.

లెక్క వేసి చూడండి. ఒక్కో భాషకు పది సెకన్లు అనుకుంటే, తెలుగు పోయి మళ్లీ తెలుగు రావడానికి ఇరవై సెకన్లు పడుతుంది. మధ్యలో ముప్పై సెకన్ల యాడ్ పెడితే అది యాభై అవుతుంది. రెండు నిమిషాలు ఆగే బండికి యాభై సెకన్లంటే దాదాపు సగం. ఆ సగంలో ముసలావిడ ఎస్-2 నుంచి ఎస్-9 దాకా పరిగెత్తాలి. గోడ మీది యాడ్‌కు స్థలం ఇస్తే ఎవరికీ నష్టం లేదు, రైళ్ల తెర మీది యాడ్ మాత్రం ప్రయాణికుడి టైమును తినేస్తుంది. ఇక బోగీల నెంబర్లు చూపే చిన్న ఎర్రక్షరాల బోర్డులు మధ్యాహ్నం ఎండలో అసలే సరిగా కనబడవు, వాటి పక్కనే ధగధగలాడే యాడ్ తెర ఉంటే కళ్లు ఎటు పోతాయి?

రైల్వేకు డబ్బు అక్కర్లేదా అంటారు. కావాలి, కాదనను. ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే ప్రయాణికుల నుంచి వస్తోందని టికెట్ల మీదే అచ్చు వేశారు. 2017 జనవరిలో సురేశ్ ప్రభు రైల్వే మంత్రిగా ఉండగా టికెట్లు కాకుండా వేరే ఆదాయం కోసం పాలసీ తెచ్చింది కూడా అందుకే. సరే, గోడలు అమ్ముకోండి, ఫుట్‌ఓవర్ బ్రిడ్జిలు అమ్ముకోండి, రైలు పెట్టెల మీద రంగురంగుల స్టిక్కర్లు వేసుకోండి. దారి చూపే బోర్డును మాత్రం వదిలేయండి.

తెరను ఏజెన్సీ చేతిలో పెడితే ఏమవుతుందో పట్నా జంక్షన్‌లో చూశాం. 2023 మార్చిలో ఓ ఆదివారం పొద్దున, కుటుంబాలతో నిండిన ప్లాట్‌ఫాంల మీది టీవీల్లో యాడ్‌కు బదులు అశ్లీల వీడియో దాదాపు మూడు నిమిషాలు నడిచింది. తర్వాత కాంట్రాక్టు రద్దు చేశారు, కేసు పెట్టారు. అంతవరకూ ఆ తెర మీద ఏం వస్తుందన్నది రైల్వే చేతిలో లేదన్నమాట. లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌దీ ఇలాంటి కథే. రైళ్ల వివరాలు చూపే పెద్ద బోర్డు తీసేశారు, చిన్న తెరలు పెట్టారు, హాల్లో భారీ యాడ్ తెర వెలిగించారు. జనం గుంపులుగా నిలబడి, ప్లాట్‌ఫాం నెంబరు పడగానే పరుగులు తీసేవారు. గొడవ గొడవయ్యాక 2024 అక్టోబరులో ఆ యాడ్ తెరను ఆపేశారు.

అసలు నా బాధ ఇంకొకటుంది. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడు తెర వైపు చూడడు, రైలు ఎక్కడుందో యాప్‌లో చూసుకుంటాడు. తెర మీద ఆధారపడేది బటన్ ఫోన్ పట్టుకున్న ముసలివాళ్లు, జనరల్ బోగీ కోసం ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచే వలస కూలీలు. అంటే ఫ్లాట్ కొనలేనివాడికి ఫ్లాట్ల యాడ్ చూపించి, వాడికి కావాల్సిన సమాచారాన్ని ఆపుతున్నాం. 2020 మార్చిలో సీనియర్ సిటిజన్ల రాయితీ పోయింది, తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ పెద్దవాళ్ల చూపును కూడా అమ్మకానికి పెడతారా? హైదరాబాద్ రోడ్ల మీద నేల నుంచి 15 అడుగులు దాటిన హోర్డింగులు వద్దని 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 68 ఇచ్చింది. రోడ్డు మీదైతే మనం తల తిప్పుకుని పోవచ్చు, అక్కడే నిబంధన పెట్టుకున్నాం. రైలు కోసం చూసేవాడు తల తిప్పుకోలేడు కదా, మరి అక్కడెందుకు లేదు?

సికింద్రాబాద్ స్టేషన్‌ను 700 కోట్ల పైచిలుకు ఖర్చుతో కొత్తగా కట్టే పనికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. బేగంపేట, వరంగల్, కరీంనగర్ కొత్త రూపుతో ఇప్పటికే తెరుచుకున్నాయి. ఇకమీదట ఇలాంటి స్టేషన్లలో తెరల టెండరు పిలిచే ముందు రెండు లైన్లు రాయాలి. రైళ్ల వివరాలు చూపే తెర మీద ఒక్క సెకను కూడా యాడ్ ఉండకూడదు. తెలుగు నేల మీది స్టేషన్‌లో పట్టిక తెలుగుతో మొదలవ్వాలి, బండి ఆగి ఉన్నంతసేపూ బోగీల నెంబర్లు కదలకుండా కనబడాలి. ఈ రెండు లైన్లు లేకుండా ఏ స్టేషన్ తెరలనూ ఏ ఏజెన్సీకీ ఇవ్వొద్దు.