ఎక్మో మాట అక్కడ, మొదటి రెండు రోజులు ఇక్కడ

ఊపిరి అందని మనిషిని ఐసీయూలో చేర్చగానే నల్లగొండలో, పాలమూరులో బంధువుల నోట వస్తున్న మాట: "ఎక్మో పెడితే బతుకుతడా సార్?" ఎక్మో అంటే ఒంటి బయట ఉండి ఊపిరితిత్తుల పని చేసే మిషన్. పెట్టేది హైదరాబాద్‌లో, ఖర్చు లక్షల్లో. ప్రతి జిల్లాకూ ఓ మిషన్ కొనమనే డిమాండూ వినిపిస్తోంది. అది పనికొచ్చే రోగి ఎవరన్నది మాత్రం జిల్లా ఐసీయూలో మొదటి రెండు రోజుల్లోనే చాలామటుకు తేలుతుంది.

ఎక్మో ఊపిరితిత్తులను నయం చేయదు, వాటికి గడువు ఇప్పిస్తుంది. తొడ సిరలోంచి నిమిషానికి 4 నుంచి 6 లీటర్ల రక్తం లాగి, ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి మెడ సిరలోకి పంపుతుంది. గొట్టాల్లో గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాంతో మెదడులో రక్తస్రావం భయం. ఒంట్లో ద్రవం తగ్గితే కాన్యులా (సిరలో పెట్టిన గొట్టం) సిర గోడను పీల్చుకుంటుంది, లైన్ దడదడ కొట్టుకుంటుంది, ఫ్లో పడిపోతుంది. అప్పుడు కంగారుగా పంపు వేగం పెంచితే మరింత చెడుతుంది. వేగం తగ్గించి కారణం వెతకాలి. రాత్రి రెండింటికి ఆ పని తెలిసిన మనిషి పక్కన లేకపోతే మిషన్ ఉండీ ఏం లాభం?

ఎక్మోను మామూలు వెంటిలేటర్ చికిత్సతో పోల్చిన 2018 నాటి ఈవోలియా ట్రయల్‌లో 249 మంది రోగులున్నారు. 60 రోజుల్లో చనిపోయింది ఎక్మో వర్గంలో 35 శాతం, రెండో వర్గంలో 46. ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. రెండో వర్గంలోనూ 28 శాతం మందికి చివరికి ఎక్మో పెట్టాల్సి వచ్చింది. 2013 నాటి ప్రోసీవా ట్రయల్‌లో రోగిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజుల మరణాలు 32.8 నుంచి 16 శాతానికి దిగాయి. దానికి కావాల్సింది మంచం, దిండ్లు, ట్యూబ్ ఊడకుండా పట్టుకుని తిప్పే నలుగురైదుగురు.

ఇక టైడల్ వాల్యూమ్, అంటే వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు పంపే గాలి. మనిషి 85 కిలోలుంటే ఆ బరువుతో లెక్కేసి 510 మిల్లీలీటర్లు పెట్టేస్తారు. ఒళ్లు పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా! 165 సెంటీమీటర్ల మగవాడికి ఎత్తు లెక్కన వచ్చే బరువు సుమారు 61.5 కిలోలు, కిలోకు 6 చొప్పున 370 చాలు.

ఇవన్నీ చేశాక కూడా పీఎఫ్ నిష్పత్తి (రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడిని, ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వాటాతో భాగిస్తే వచ్చే అంకె) ఆరు గంటలకు పైగా 80 దాటకపోతే ఎక్మో సెంటర్‌కు అప్పుడే ఫోన్ చేయాలి. వెంటిలేటర్ ఎక్కువ ఒత్తిడి మీద వారం గడిచాక పంపితే ఫలితం బాగా తగ్గుతుంది.

దారి ఇంకో గండం. బి టైప్ ఆక్సిజన్ సిలిండర్‌లో ఉండేది దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు వాడితే 100 నిమిషాల్లో ఖాళీ. నల్లగొండ నుంచి బయల్దేరితే ఎల్బీనగర్ ట్రాఫిక్‌కే అది చాలదు, గద్వాల సంగతి చెప్పక్కర్లేదు. లెక్కకు రెండింతలు ఎక్కించాలి. వెంటిలేటర్ మార్చేటప్పుడు ట్యూబ్‌ను క్లాంప్ చేయకపోతే లోపలి ఒత్తిడి పోయి ఊపిరితిత్తులు మళ్లీ ముడుచుకుంటాయి.

పత్తి చేన్ల జిల్లాలు కాబట్టి గడ్డిమందు కేసు విడిగా చూడాలి. పారాక్వాట్ అనే గడ్డిమందు తాగినవాళ్లకు ఆక్సిజనే హాని పెంచుతుంది, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప ఇవ్వరు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాక అవి కోలుకోవు. ఊపిరితిత్తుల మార్పిడికి అవకాశం ఉంటేనే ఎక్మోకు అర్థం. అదే మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు అయితే దాని విరుగుడు అట్రోపిన్, వెంటిలేటర్‌తోనే చాలామంది లేస్తారు. "పురుగుల మందు తాగిండు" అని రాసి పంపితే చాలదు. డబ్బా తెప్పించి, దాని మీద ఉన్న మందు పేరు రెఫరల్ చీటీలో రాయాలి.