సర్జరీకి ముందు మత్తు డాక్టర్ పేరు అడగండి

నాకు కాస్మెటిక్ సర్జరీ మీద వ్యతిరేకత ఏమీ లేదు. ముక్కు గురించో ఛాతీ గురించో చిన్నప్పటి నుంచి మాటలు పడ్డవాళ్ల బాధ బయటివాళ్లకి అర్థం కాదు. గ్రహణం మొర్రి సరిచేసేదీ, కాలిన చోట చర్మం అతికేదీ ప్లాస్టిక్ సర్జన్లే. నా కోపమంతా ఆపరేషన్‌ని పెళ్లి ప్యాకేజీలో కలిపి అమ్మేస్తున్న క్లినిక్కుల మీద.

మొన్న మా పిన్ని కూతురికి తోడుగా హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాను. పెళ్లి కుదిరింది, ఈలోగా నడుము దగ్గర కొవ్వు తీయించుకోవాలని తన ఆశ. మాతో అంతసేపు మాట్లాడింది డాక్టర్ కాదు, కౌన్సెలర్ అమ్మాయి. ట్యాబ్‌లో ఫొటోలు చూపించింది, ఈఎంఐ లెక్క కట్టింది, "పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు మేడమ్" అంది. తర్వాత ఇంగ్లిష్‌లో ఉన్న అంగీకార పత్రం పెట్టి సంతకం చేయమంది. తిరగేసి చూస్తే సర్జన్ పేరు రాయాల్సిన చోట ఖాళీ. మత్తు డాక్టర్ పేరు దగ్గరా ఖాళీయే. అడిగితే "ఆ రోజు ఎవరుంటే వాళ్లు చేస్తారు" అని జవాబు. అక్కడి నుంచి లేచి వచ్చేశాం.

లైపోసక్షన్ అంటే ఏం చేస్తారో కూడా అక్కడ ఎవరూ చెప్పలేదు. మత్తుమందు, రక్తం కారకుండా అడ్రినలిన్ కలిపిన సెలైన్‌ని చర్మం కిందికి ఎక్కించి, సన్నని గొట్టం ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొవ్వుని లాగేస్తారు. ఆ మత్తుమందు మోతాదు మించితే గుండె లయ తప్పొచ్చు. కొవ్వు రేణువులు రక్తనాళాల్లోకి వెళ్లి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు. కాళ్లలో గడ్డకట్టిన రక్తం కొన్ని రోజుల తర్వాతైనా అక్కడికి చేరొచ్చు. ఇవి అరుదే, కాదనను. కానీ జరిగిన నిమిషంలో పక్కన మత్తు డాక్టర్, అదే భవనంలో ఐసీయూ ఉండాలి. 2022 మేలో బెంగళూరులో కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. వయసు 21. పరిస్థితి విషమించాక ఆమెను వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. మన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్లకే పోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ జరిగిందని పేపర్లన్నీ రాశాయి. రెండు రోజులు బాధపడి మర్చిపోయాం.

ఇంకో సంగతి, లైపోసక్షన్‌తో బరువు తగ్గరు. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు జోలికి అది వెళ్లదు. ముక్కు సర్జరీ అయితే వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టొచ్చు. ముహూర్తానికి రెండు నెలల ముందు చేయించుకుంటే పెళ్లి ఫొటోల్లో పడేది ఇంకా కుదురుకోని ముక్కే.

డాక్టర్ పేరు ముందు "కాస్మెటిక్ సర్జన్" అని బోర్డు మీద ఎవరైనా రాయించుకోవచ్చు. మీరు చూడాల్సింది జనరల్ సర్జరీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా అని. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో సరిచూసుకోండి. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టర్ మీకొద్దు. జుట్టు మార్పిడి లాంటివి యూట్యూబ్ చూసో వర్క్‌షాప్‌లో చూసో నేర్చుకుంటే చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలా ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో చూడండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. అందం కోసం చేయించుకునే సర్జరీకి ఆరోగ్య బీమా రాదు, పైగా జీఎస్టీ పడుతుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసేవి వేరే లెక్క. మళ్లీ సరిచేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఉస్మానియాలో, గాంధీలో, విశాఖ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. సంతకం పెట్టే ముందు ఒక పూట ఓపీలో కూర్చుని అక్కడి డాక్టర్ అభిప్రాయం కూడా అడగండి. మీ నడుమో ముక్కో అమ్ముకోవాల్సిన అవసరం లేని డాక్టర్ "నీకిది అక్కర్లేదమ్మా" అని మొహం మీదే చెప్తాడు. షుగర్, బీపీ, వాడుతున్న మాత్రలు, సిగరెట్ అలవాటు ఏదీ దాచకండి. అబ్బాయిలు సిగరెట్ సంగతి ఇంట్లో తెలుస్తుందని డాక్టర్ దగ్గరా దాస్తున్నారు. పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందక కుట్లు త్వరగా మానవు. ఆ ముక్క డాక్టర్‌కి ఒంటరిగా చెప్పండి.

ఇంట్లో చెప్పకుండా మాత్రం వెళ్లకండి. ఆపరేషన్ అయ్యాక మొదటి కొన్ని రోజులు పక్కన ఒక మనిషి ఉండాలి. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి సలిపినా క్లినిక్ వాళ్లు ఫోన్ ఎత్తేదాకా ఆగొద్దు. 108కి కొట్టి, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. ఏ సర్జరీ ఎప్పుడు జరిగిందో అక్కడి డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.