గుస్సాడికి మూడు నిమిషాలా?

మొన్న మన కమిటీ పెట్టిన దీపావళి వేడుకల్లో కూచిపూడికి అరగంట ఇచ్చారు. సినిమా మెడ్లీకి అంతకంటే ఎక్కువే. ఆదిలాబాద్ గోండులు దీపావళికి ఆడే గుస్సాడికి మాత్రం మూడు నిమిషాలు, అదీ సినిమా బీటు మీద. పిల్లలు పాపం ముచ్చటగానే వేశారు. యాంకరమ్మ "ఇప్పుడు ఆదిలాబాద్ అడవి మనుషుల డ్యాన్స్!" అనగానే హాలంతా ఈలలు. పక్కన కూర్చున్నాయన "మీ వైపేగా! చలీ పులులూ తప్ప ఏముంటాయండీ అక్కడ?" అన్నారు, ప్రేమగానే.

జనం తక్కువే, ఒప్పుకుంటా. 2016లో ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేశారు. అందులో కుమురం భీం ఆసిఫాబాద్‌లో, 2011 లెక్కల ప్రకారం, చదరపు కిలోమీటరుకు 106 మంది. రాష్ట్ర సగటు 312. కానీ ఆ వైపు సంతకెళితే గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నిట్లోనూ బేరాలు నడుస్తుంటాయి.

మా నాన్న ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర టీచరు. దీపావళి ముందు ఊరూరా తిరిగి ఆడే దండారి బృందం వస్తుంటే డప్పులు గుట్ట అవతలి నుంచే వినపడేవి. అందులో గుస్సాడి వేషం కట్టే గుస్సాడీల ఒంటికి బూడిద, భుజాన తోలు, తలమీద నెమలీకల టోపీ. దీక్షలో ఉన్నన్నాళ్లూ వాళ్లు స్నానం చేయరు. మడీ ఆచారమంటూ మమ్మల్ని గడప దగ్గరే ఆపేసే మా అమ్మ, వాళ్లొస్తే మాత్రం ఎదురెళ్లి దణ్ణం పెట్టేది. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతే ఆ ఊరే అన్నం పెడుతుంది. రాత్రంతా ఆట, మధ్యలో పెళ్లి సంబంధాల మాటలు. తాగి తూలేవాళ్లూ ఉండేవారు లెండి, అంతా భక్తే అనను.

ఆ ఆటకే మార్లవాయి ఊరి కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీంను చంపాక, గోండుల బాధలేమిటో చూడమని నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కాపురమున్నదీ ఆ మార్లవాయిలోనే. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది.

కమిటీవాళ్ల టైము టెన్షన్ నాకు తెలుసు. నేర్పినవాళ్లు వారాంతాలన్నీ ధారపోశారు, వాళ్లననేదేమీ లేదు. అయినా ఒక్క విన్నపం. వచ్చే ఏడు పది నిమిషాలివ్వండి. సినిమా పాట తీసేసి డప్పు పెట్టండి. ఆట మొదలయ్యే ముందు ఆ టోపీకి పూజ ఎందుకు చేస్తారో ఒక గోండు మనిషి చేత వీడియోలోనైనా చెప్పించండి. అంత వీలు కాదంటే లిస్టులోంచి తీసేయండి. స్పాన్సర్ల సన్మానానికి స్టేజీ సర్దేలోపు టైంపాస్‌గా మాత్రం పెట్టకండి.