తప్పు దుప్పటిది కాదు

1940 డిసెంబరులో రెండు రాత్రుల బాంబుదాడి ఇంగ్లండులోని ఉక్కు నగరం షెఫీల్డ్‌ను కూల్చేసింది. 660 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది అదే నగరంలో ఒక ఇంట్లో కొందరు యువకులు గజ్జి పట్టిన సైనికులు విడిచిన లోదుస్తులు, ఉతక్కుండానే తొడుక్కుని తిరిగారు. ఆ సైనికులు కప్పుకున్న దుప్పట్లే కప్పుకుని పడుకున్నారు. అంటుకుంటుందో లేదో తేలాలి కదా!

రెండో ప్రపంచ యుద్ధంలో గజ్జి చిన్న విషయం కాదు. నిద్ర లేని సైనికుడు, గోకి గోకి పుండ్లు చేసుకున్న కార్మికురాలు, ఊళ్లు మారిన పిల్లలు. 1941లో ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, గజ్జి ఉందన్న ఇళ్లను, మనుషులను పరీక్షించే అధికారం స్థానిక వైద్యాధికారులకు ఇచ్చింది. రోగం బట్టల్లోంచి వస్తుందన్నదే అప్పటి నమ్మకం. అందుకే సైన్యం దుప్పట్లను ఆవిరి పట్టించడానికి బొగ్గు, మనుషుల శ్రమ ధారపోసేది.

కీటక శాస్త్రవేత్త కెన్నెత్ మెలన్‌బీ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. ఆ ఇంట్లో ప్రయోగానికి ముందుకొచ్చినవాళ్లు ఆయుధం పట్టబోమన్న శాంతివాదులు; పిరికిపందలన్న తిట్లు తిన్నవాళ్లు. నెలల తరబడి మాసిన బట్టలతో గడిపినా అంటుకున్నవాళ్లు బహు అరుదు. రోగి పక్కలో, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకున్నప్పుడు మాత్రం అంటుకుంది. గజ్జి తెచ్చేది చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగు; ఒంటి నిండా దద్దుర్లున్న రోగిలోనూ ఎదిగిన ఆడ పురుగులు సగటున పదకొండే.

మేము అన్నిటికన్నా ముఖ్యమనుకునేది మరొకటి. మొదటిసారి గజ్జి సోకినవాళ్లకు దురద మొదలవడానికి నెల, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టింది. ఆ నెలంతా పురుగు చర్మంలో గుడ్లు పెడుతూనే ఉంది. గోక్కోనివాడిలో రోగం లేదనుకోవడం ఎంత పొరపాటో ఆ యువకులు తమ ఒళ్లతో చూపించారు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి, మెడ నుంచి అరికాళ్ల దాకా బెంజైల్ బెంజోయేట్ అనే పైపూత మందు పూయాలన్న పద్ధతికి బలం అక్కడే చేకూరింది.

మన సంక్షేమ వసతి గృహాలకు గజ్జి కొత్త కాదు. వేళ్ల సందుల్లో పొక్కులతో వచ్చిన పిల్లాడికి ఒక ట్యూబు ఇచ్చి, "శుభ్రంగా ఉండు" అని మందలించి అదే గదికి పంపుతున్నారు. పక్క చాపమీది పిల్లాడు ఇంకా గోక్కోవడం లేదు కాబట్టి వాడికి మందు ఉండదు. నెల తిరిగేసరికి ఇద్దరూ గోక్కుంటారు. వార్డెను మళ్లీ శుభ్రత పాఠం చెబుతాడు. స్నానానికి నీళ్లు సరిగా రాని చోట ఆ పాఠం పిల్లల్ని సిగ్గుతో కుంగదీస్తుంది, అంతే. దుప్పట్లు ఉతకొద్దని మేము అనడం లేదు. ఉతికి ఊరుకుంటే చాలదంటున్నాం.

గజ్జిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మందు ఖరీదైనదేమీ కాదు. వైద్య ఆరోగ్య శాఖ, సంక్షేమ శాఖ కలిసి చేయాల్సింది ఇదీ: గదిలో ఒక్కరికి గజ్జి తేలినా, దురద ఉన్నా లేకున్నా ఆ గదిలో అందరికీ డాక్టరు పర్యవేక్షణలో ఒకే రాత్రి మందు పూయాలి, చెప్పిన గడువుకు మళ్లీ పూయాలి. సెలవులకు వెళ్లే పిల్లాడి చేతికి ఇంట్లోవాళ్లందరికీ సరిపడా మందు ఇచ్చి పంపాలి.